హాంకాక్ ఇంటి పక్కగోడ

తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఎడిసన్ ప్రాంతం నుంచి దక్షిణంగా డెలావేర్ నది వైపు వెళితే, న్యూజెర్సీ రూపమే మారిపోతుంది. అపార్ట్‌మెంట్లూ మాల్సూ వెనకబడి, పొలాలూ బురద నేలలూ కనిపించే ఆ సేలం కౌంటీలో, అల్లోవే వాగు దగ్గర, విలియం, సారా హాంకాక్ దంపతులు 1734లో కట్టించుకున్న ఇటుకల ఇల్లు ఇప్పటికీ నిలిచి ఉంది. ఆయన భూస్వామి, స్థానిక న్యాయాధికారి, వలస శాసనసభలో సభ్యుడు కూడా. అంతటివాడి ఇల్లయినా ముందువైపు నుంచి చూస్తే ఆడంబరమేమీ ఉండదు.

చూడవలసింది పక్కగోడను. ఎర్ర ఇటుకల మధ్య నీలి బూడిద రంగులో మెరిసే ఇటుకలను పేర్చి, నిలువుగా 19 వరుసల వంకర గీతలు పైకప్పు దాకా తీర్చారు. వాటి పైన భార్యాభర్తల పేర్ల తొలి అక్షరాలూ, ఇల్లు కట్టిన సంవత్సరమూ అదే ఇటుకలతో కనిపిస్తాయి. ఆ మెరుపు పూతగా పూసిన రంగు కాదు. కట్టెలతో కాల్చే బట్టీలో మంటకు అతి దగ్గరగా ఉన్న ఇటుకల మీద, కట్టెల బూడిదలోని పొటాష్ మట్టిలోని ఇసుకతో కలిసి కరిగి, గాజులా గడ్డకడుతుంది. మంట తగిలేది సాధారణంగా ఇటుక పొట్టివైపుకే కాబట్టి మెరిసేదీ ఆ వైపే. ఒక ఇటుక పొడవుగా, పక్కది పొట్టివైపు బయటికి వచ్చేలా మార్చి మార్చి పేర్చే ఫ్లెమిష్ కట్టుడులో, మేస్త్రీ ఏ చోట నీలి ఇటుక పడాలో, ఏ చోట ఎర్రది పడాలో వరుస వరుసకూ లెక్క చూసుకుంటేనే ఆ గీత తెగకుండా పైకి సాగుతుంది. అక్షరం కుదరాలంటే ఆ లెక్క ఇంకా కచ్చితంగా ఉండాలి.

ఇంగ్లండ్ నుంచి వచ్చిన క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు ఈ పద్ధతిని ఈ నదీ తీరానికి తెచ్చారు. దుస్తుల్లోనూ మాటల్లోనూ నిరాడంబరతను నియమంగా పాటించినవాళ్లు పక్కగోడ మీద మాత్రం ఇంత ముచ్చట తీర్చుకోవడం నన్ను ఆశ్చర్యపరిచింది. అంతకంటే నన్ను కదిలించింది సారా పేరులోని అక్షరం. ఆస్తి భర్త పేరనే నడిచిన ఆ కాలంలో, దారిన పోయే ప్రతివాడికీ కనిపించేలా ఇల్లాలి గుర్తు కూడా గోడలో భాగమైంది.

అయితే ఈ ఇంటికి పేరు వచ్చింది గోడ వల్ల కాదు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధ కాలంలో, 1778 మార్చిలో పశువుల కోసం, మేత కోసం ఈ కౌంటీ మీద పడిన బ్రిటిష్ సేనలను వాగు వంతెన దగ్గర అడ్డుకోవడానికి స్థానిక దళం ఈ ఇంట్లో బస చేసింది. 21వ తేదీ తెల్లవారకముందే బ్రిటిష్ సేనలోని మేజర్ సిమ్‌కో దళం లోపలికి చొరబడి, నిద్రలో ఉన్నవాళ్లను బాయినెట్లతో పొడిచింది. కట్టించిన దంపతుల కొడుకు, జడ్జి విలియం హాంకాక్, రాజు పక్షం వాడే అయినా ఆ చీకట్లో గాయపడి, తరవాత చనిపోయాడు. 1931లో రాష్ట్రం ఈ ఇంటిని కొని ప్రదర్శనశాలగా మార్చింది. వచ్చేవాళ్లలో చాలామందిని రప్పించేది ఈ కథే. నాకు మాత్రం ఆ గోడ ముందు నిలబడే సమయం చాలదనిపిస్తుంది.

ఇదే కౌంటీలో ఎల్సిన్‌బరో దగ్గర ఏబెల్, మేరీ నికల్సన్ దంపతులు 1722లో కట్టించిన ఇల్లు కూడా ఇటువంటిదే. 1859లో దానికి ఆనించి కొత్త భాగం కట్టడంతో, కాలానికి తగ్గ సౌకర్యాలన్నీ అందులోకి చేరాయి, పాత గదుల జోలికి ఎవరూ పెద్దగా పోలేదు. అది 2000లో జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తింపు పొందడానికి ఆ చెక్కుచెదరని పాత గదులే బలమైన కారణం.