మూడు ‘అట’లు, ఒక్క ‘పలికెద’

ముక్కోటి ఏకాదశి సాయంత్రం మా అపార్ట్‌మెంట్ గుడిలో భాగవతం మీద మాట్లాడాల్సిన పంతులుగారికి ఆఖరి నిమిషంలో వేరే పని పడింది. కమిటీ ఆయన మధ్యాహ్నం ఫోన్ చేసి, “మీకు పద్యాలొచ్చు కదా సార్, ఓ పదిహేను నిమిషాలు ఏదో ఒకటి చెప్పేయండి” అన్నారు. సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక టెన్షన్ మొదలైంది.

పద్యాలు రావడం వేరు, భక్తి గురించి పదిమందికి చెప్పడం వేరు. నాకు సంస్కృతం రాదు. దీపం పెట్టడం ఇంట్లో ఆవిడ పని, నేను పండగలకి మాత్రం పట్టుపంచె కట్టే రకం. మడీ ఆచారాల గురించి ఎవరైనా ప్రశ్న అడిగితే నోరు పెగలదు. నాలాంటివాడు గుడిలో మైకు పట్టుకోవచ్చా? గంటసేపు ఇదే గొడవ. చివరికి పుస్తకం తీసి మొదటి పేజీల్లో చూస్తే, మా తెలుగు వాచకంలో బట్టీ పట్టిన పద్యమే ఎదురైంది.

పలికెడిది భాగవతమట
పలికించెడివాడు రామభద్రుండట నే
బలికిన భవహరమగునట
పలికెద వేరొండు గాథ పలుకగ నేలా

చిన్నప్పుడు మాకు దీని తాత్పర్యం రెండు ముక్కల్లో చెప్పేశారు: పోతనగారి వినయం, రాముడి మీద భక్తి. పరీక్షలో ఐదు మార్కులు. ఆ రోజు మాత్రం నా చూపు ‘అట’ మీద ఆగిపోయింది. ఒకటి కాదు, మూడు ఉన్నాయి.

‘అట’ మనం రోజూ వాడే మాటే. రేపు కరెంటు ఉండదట. ఎదురింటి అమ్మాయికి సంబంధం కుదిరిందట. మనం కళ్ళతో చూడనిదాన్ని, ఎవరో చెప్పగా విన్నదాన్ని ఇలా అంటాం. చెప్పింది తప్పని తేలినా మన పూచీ లేదు. ఒక్కోసారి దీంట్లో ఆశ్చర్యం కూడా ఉంటుంది: ‘వాడు కలెక్టరట!’ అన్నట్టు. చెప్పేది భాగవతమట, చెప్పించేవాడు రాముడట, నేను చెబితే సంసారబంధం తెగుతుందట. మూడూ విన్న మాటలుగానే చెప్పాడు పోతన. వేటికీ తాను పూచీ పడలేదు.

నన్ను ఇంకా ఆపేసింది వేరే ఉంది. ఈ పద్యానికి కాస్త ముందే ఆయన తన అనుభవం చెప్పుకున్నాడు. ఒక పున్నమి రాత్రి చంద్రగ్రహణం పట్టబోతోందని గంగకు వెళ్ళి, మునిగి లేచి, ఇసుకతిన్నె మీద కూర్చుని శివుణ్ణి ధ్యానిస్తున్నాడు. ‘కించిదున్మీలిత లోచనుండనై’ ఉన్నానంటాడు, అంటే కళ్ళు కొద్దిగా తెరిచి. అప్పుడు, మెరుపు పక్కన మేఘంలా, పక్కన సీతతో రాముడు కనిపించాడు. తాను రామభద్రుడినని చెప్పి, తన పేరిట భాగవతం తెనుగు చేయమన్నాడు, భవబంధాలు తెగుతాయన్నాడు. కూర్చున్నది శివధ్యానానికి, వచ్చింది రాముడు, రాయమన్నది కృష్ణుడి కథ. శైవమా వైష్ణవమా అని ఇప్పటికీ వాదించుకునేవాళ్ళు ఈ ఒక్క ఘట్టం చదువుకుంటే చాలు. అది వేరే సంగతి.

అంటే పోతన వినలేదు, చూశాడు. రాముడే ఎదురుగా నిలబడి పేరు చెప్పాడు. ‘పలికించెడివాడు రామభద్రుడే’ అని బల్ల గుద్ది చెప్పే హక్కు ఎవరికైనా ఉంటే ఆయనకే ఉంది. ఆయన కూడా ‘అట’ అన్నాడు.

నాకు తోచింది చెబుతాను, పండితులు ఒప్పుకోకపోవచ్చు. దర్శనమైన రాత్రి దర్శనం నిజమే. తెల్లారి తాటాకు, గంటం ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు ఆ రాముడు పక్కన ఉండడు. నిన్న చూసింది ఈ రోజుకి విన్న మాట అయిపోతుంది. పాట కట్టినవాళ్ళకి, బొమ్మ వేసినవాళ్ళకి ఇది తెలుసు. నిన్న చెయ్యి దానంతటదే నడిచింది, ఈ రోజు అదే చెయ్యి మొద్దుబారి ఉంది. నిన్న నడిపించినవాడు ఈ రోజూ నడిపిస్తాడా? నడిపిస్తాడట.

ఈ మూడు అటల తర్వాత నాలుగో పాదం ‘పలికెద’ అని మొదలవుతుంది. దీనికి అట లేదు. పలుకుతానట అనడు, పలికిస్తే పలుకుతానని కూడా అనడు. పలుకుతాను. కథ భాగవతానిది, ప్రేరణ రాముడిది, ఫలితం ఎవరి చేతుల్లోనో ఉంది. మొదలుపెట్టడం ఒక్కటే పోతనది. ఆ ఒక్కటి మాత్రం ఆయన రాముడి మీదకు కూడా నెట్టలేదు.

ఇంకో చిన్న ముచ్చట. కంద పద్యంలో రెండో పాదం చివర గురువు పడాలి, అది ఛందస్సు నియమం. పోతన అక్కడ ‘నే’ వేశాడు. అర్థం ప్రకారం ఆ ‘నే’ మూడో పాదానికి చెందింది, ‘నే పలికిన భవహరమగునట’ అని. కంటికి మాత్రం రాముడున్న పాదంలోనే, రామభద్రుడి పక్కనే కనిపిస్తుంది. కావాలని పెట్టాడా, గణాలు కుదరడం కోసం పడిందా? నన్నడిగితే ఆ రెండింటికీ పెద్ద తేడా లేదు.

ఆ వెంటనే మరో పద్యంలో, భాగవతం తెలిసి చెప్పడం శివుడికైనా బ్రహ్మకైనా కష్టమే, పెద్దల వల్ల ‘విన్నంత కన్నంత తెలియ వచ్చినంత’ తేటపరుస్తాను అంటాడు. విన్నది ముందు, కన్నది తర్వాత. పూర్తిగా తెలిశాక రాస్తానంటే భాగవతం వచ్చేది కాదు.

ఇంత చదివాక పేజీలు తిప్పుతూ ఎనిమిదో స్కంధంలో గజేంద్ర మోక్షానికి వచ్చాను. అక్కడ ఇంకో కందం ఉంది, దాన్ని ఎన్నిసార్లు అప్పజెప్పినా ఈ రెండూ ఒకే పోత అని ఎప్పుడూ తట్టలేదు.

కలడందురు దీనుల యెడ
గలడందురు పరమయోగి గణముల పాలం
గలడందు రన్ని దిశలను
గలడు కలండనెడివాడు గలడో లేడో

మళ్ళీ మూడు విన్న మాటలు. దీనుల దగ్గర ఉంటాడంటారు, యోగుల దగ్గర ఉంటాడంటారు, అన్ని దిక్కుల్లో ఉంటాడంటారు. నాలుగో పాదంలో ఏనుగు తన సొంత మాట చెబుతుంది: ఉన్నాడు ఉన్నాడనే ఆయన ఉన్నాడో లేడో. కాలు మొసలి నోట్లో ఉండగా ఇంతకన్నా నిజాయితీగా ఎవరు మాట్లాడతారు?

సంస్కృత భాగవతంలో గజేంద్రుడి స్తోత్రం నిండా వేదాంతమే. ఏనుగు నోట ఈ సందేహం పెట్టింది తెలుగు కవి. దేవుడి కథ రాస్తూ, దేవుడు ఉన్నాడో లేడో అనే మాటని కథ నడిబొడ్డున పెట్టడానికి ధైర్యం కావాలి. భక్తి ఉన్న కవి సందేహాన్ని తుడిచేస్తాడని మనం అనుకుంటాం. పోతన దానికి చక్కటి కందం కట్టి ఇచ్చాడు. ఊళ్ళలో అక్షరం రానివాళ్ళు కూడా కష్టం వచ్చినప్పుడు ఆ పద్యమే పాడుకున్నారు, ‘లావొక్కింతయు లేదు’తో కలిపి. ‘నీవే తప్ప నితఃపరం బెరుగ’ అన్న శరణాగతి ఆ సందేహం ఉన్నచోటే పుట్టింది మరి.

ఆ ఏనుగు మొర వైకుంఠానికి చేరే చోటే ‘అల వైకుంఠపురంబులో నగరిలో’ పద్యం. దాని కథ తెలియని తెలుగువాళ్ళు తక్కువ. ‘ఆ మూల’ దాకా వచ్చి పోతన ఆగిపోయాడట. చూడని వైకుంఠాన్ని ఎలా వర్ణించాలో తెలియక గంటం పక్కన పెట్టి బయటికి వెళ్ళాడట. ఆయన రూపంలోనే రాముడు వచ్చి పద్యం పూర్తి చేసి వెళ్ళాడట. తిరిగొచ్చి, ఎవరు రాశారమ్మా అంటే, నువ్వే కదా నాన్నా ఇందాక వచ్చి రాశావు అందట కూతురు. చరిత్ర కాదు, చెప్పుకునే కథ. అయితే ఈ కథలో రాముడు రాముడిలా వచ్చి రాయలేదు, పోతనలా వచ్చి రాశాడు. చూసిన పిల్లకు తండ్రే కనిపించాడు. ఈ కథ మొదట కట్టినవారెవరో గాని, రాయడమంటే ఏమిటో బాగా ఎరిగినవాళ్ళు.

పోతన గురించి మాట్లాడితే ‘ఇమ్మనుజేశ్వరాధములకిచ్చి’ పద్యం రాకుండా ఉండదు. రాజులకిచ్చి ఊళ్ళూ వాహనాలూ తీసుకోను, శ్రీహరికే ఇస్తాను అన్నాడు. గొప్ప మాటే. దాన్ని పట్టుకుని మనం శ్రీనాథుణ్ణి తక్కువ చేసి మాట్లాడటం మాత్రం నాకు నచ్చదు. కాశీఖండం వీరభద్రారెడ్డికి అంకితమిచ్చాడు, హరవిలాసం అవచి తిప్పయ్యసెట్టికి ఇచ్చాడు. అంతమాత్రాన ఆ కావ్యాల్లోని శివభక్తి దొంగదైపోదు. ఒకరిది ఒక దారి.

నాకు ఎక్కువ ఆలోచన తెప్పించేది వేరే విషయం. పోతన భాగవతం అని మనం పిలిచే పన్నెండు స్కంధాల పుస్తకంలో ఐదోది బొప్పరాజు గంగన రాశాడు. ఆరోది ఏర్చూరి సింగన రాశాడు. పదకొండు, పన్నెండు వెలిగందల నారయవి. పోతన రాసిన ప్రతి భూమిలో పాతిపెడితే చెదలు తిన్నదని, పోయిన భాగాలు వీళ్ళు పూరించారని చెప్పుకుంటారు. కారణం ఏదైనా, సాక్షాత్తూ రాముడు పలికిస్తున్న గ్రంథానికి చెదలెందుకు పట్టాలి? చిన్నప్పుడు ఈ ప్రశ్న అడిగితే మా నాన్న, “మిగతావాళ్ళకీ కాస్త పని మిగలాలి కదరా” అని నవ్వేశారు. అప్పుడు దాటవేశారనుకున్నాను. పలికించేవాడు ఒక్కడే అయినా, పలికే నోరు ఒక్కటే ఉండాలని పోతన ఎక్కడా అనలేదు.

గుళ్ళో విగ్రహాలకు నేత్రోన్మీలనం చేస్తారు. శిల్పం అంతా అయ్యాక ఆఖరున కళ్ళు తెరవడం. చెక్కడం ఉలితోనే అయినా ఆ చివరి గీతకి బంగారు సూది వాడతారు. అప్పటిదాకా దాన్ని ఒళ్ళో పెట్టుకుని, తిరగేసి, నీళ్ళు కొట్టి, అరగదీసిన మనిషి ఆ తర్వాత చేతులు జోడిస్తాడు. కుంభాభిషేకం అయ్యాక దర్శనానికి అందరిలాగే వరసలో నిలబడతాడు. పోతన గంగ ఒడ్డున ‘ఉన్మీలిత’ లోచనాలతో కూర్చున్నాడన్నప్పుడు నాకు ఈ ఉన్మీలనమే గుర్తొస్తుంది. ఇక్కడ తెరుచుకున్నవి కవి కళ్ళు, అవీ సగమే.

సాయంత్రం గుడికి వెళ్ళాను. ఓ నలభై మంది ఉంటారు. ముందు వరసలో పిల్లలు, వెనక కుర్చీల్లో మోకాళ్ళ నొప్పులవాళ్ళు. మూడు అటల సంగతి చెప్పాను. కుర్రాళ్ళు ఇద్దరు ఫోన్లలోంచి తలెత్తారు, అది చాలనుకున్నాను. తర్వాత ‘అల వైకుంఠపురంబులో’ రాగం తీసి ఎత్తుకున్నాను. ‘మందార వనాంతరామృత సరః’ దాకా బాగానే వెళ్ళింది. అక్కడ ఆగిపోయింది. ఎన్ని వందల సార్లు చదివిన పద్యమో, ఒక్క అక్షరం రాదు. పుస్తకం సంచిలో ఉంది, సంచి చెప్పుల స్టాండు దగ్గర ఉంది.

వెనక కుర్చీల్లోంచి ఒక ముసలావిడ గొంతు వచ్చింది, ‘ప్రాంతేందు కాంతోపలోత్పల పర్యంక రమావినోదియగు’ అంటూ. నింపాదిగా, నేను ఎత్తుకున్న రాగం కాదు, వేరే బాణీ. ‘పాహి పాహి’ దగ్గరికి వచ్చేసరికి ఇంకో నలుగురు కలిశారు. ‘సంరంభియై’ దగ్గర నేనూ కలిశాను. మైకు నా చేతిలోనే ఉండిపోయింది.

అయిపోయాక ఉపవాసం ఉన్నవాళ్ళకి అరటిపళ్ళు, మిగతావాళ్ళకి పులిహోర పంచుతున్నారు. ఆవిడ దగ్గరికి వెళ్ళి, “ఎక్కడ నేర్చుకున్నారమ్మా?” అని అడిగాను.

“నేర్చుకోవడమేంటి నాయనా, మా నాన్న మోట తోలుతూ పాడేవాడు. ఎద్దులు వెనక్కి నడిచేటప్పుడు ఒక పాదం, ముందుకు నడిచేటప్పుడు ఒక పాదం. నేను బడికి పోలేదు. ఆ పద్యానికి అర్థం ఇందాక నువ్వు చెబుతావేమోనని కూర్చున్నా, నువ్వేమో మధ్యలో ఆపేస్తివి” అన్నారు.

అరటిపండు వొలుచుకుంటూ, “ఇప్పుడు చెప్పు” అన్నారు. సంచి తెచ్చుకుని, పుస్తకం తీసి, ఆవిడ పక్క కుర్చీలో కూర్చున్నాను.