క్లౌ దొర కాలువ పని

ఒంగోలు ప్రాంతపు బాప్టిస్టు కుటుంబాలలో పుట్టినవారికి అమెరికన్ మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ పేరు వినగానే 1878 జూలై 3వ తేదీ గుర్తుకు వస్తుంది. ఆ ఒక్కరోజున గుండ్లకమ్మ నది ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 2,222 మంది బాప్తిస్మం పొందారని సండే స్కూలులోనే మాకు నేర్పేవారు. ఆ అంకె గొప్పదే. అయితే అవసరంలో ఉన్న మనిషికి క్రైస్తవ సంఘం తన ప్రేమను ఎలా చూపాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు ఆ రోజుకంటే దాని ముందు గడిచిన కరువు నెలలే ఎక్కువ విలువైనవిగా తోస్తాయి.

మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకొనే ఆ కరువు 1876లో మొదలై రెండేళ్ళపాటు మద్రాసు ప్రెసిడెన్సీని పీల్చి పిప్పిచేసింది. ముందుగా దెబ్బ తిన్నవారిలో మాదిగలు ఉన్నారు. రైతు కళ్ళంలో గింజ రాలితేనే వారికి ఏడాదికి రావలసిన మేర, అంటే చేసిన పనికి రైతు ఇచ్చే ధాన్యం వాటా, అందేది. బావిలో నీరు ఉంటేనే నీళ్ళు తోడే తోలు కపిలబానలు కుట్టించుకొనేవారు ఉండేవారు. పంట పోయి, బావులు ఎండి, గొడ్లు చచ్చిపోయాక వారి చేతిలోని తోలుపనికి గిరాకీయే లేకుండా పోయింది. ప్రభుత్వం కరువు పనులు పెట్టినప్పటికీ, ఊరు దాటి ఎరగనివారు, తరతరాలుగా అందరిచేతా అదిలింపులు పడినవారు, ముక్కూమొహం తెలియని మేస్త్రీల కింద పనికి వెళ్ళడానికి భయపడ్డారు.

అప్పుడు తవ్వుతున్న బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ళకు పైగా పనిని క్లౌ తానే కాంట్రాక్టు తీసుకున్నారు. మిషనరీ కాకముందు ఆయన అమెరికాలో భూములు కొలిచే సర్వేయరుగా పనిచేసినవారు కనుక గొలుసు, కొలతలు, మట్టి లెక్కలు ఆయనకు కొత్తవి కావు. పల్లెల్లో తిరిగి వాక్యం చెప్పే బోధకులనే ఆయన పని మీద అజమాయిషీకి పెట్టారు. తమ పల్లెకు వచ్చి తమ పక్కన కూర్చొనే మనిషే పని చూపిస్తున్నాడంటే, అంతవరకు పారా గునపం పట్టి ఎరగనివాడికి కూడా ధైర్యం వచ్చింది. మాదిగలే కాకుండా ఇతర కులాల పేదలు కూడా ఆ పనికి వచ్చారు. వచ్చినవాడు చేయి చాచి గింజలు అడుక్కోవలసిన పని లేదు. తట్ట మోశాడు, కూలి తీసుకున్నాడు, ఆ కూలితో పిల్లలకు ఇంత గంజి కాచి పోసుకున్నాడు.

నేను అన్నిటికంటే ఎక్కువగా గౌరవించేది ఆయన తీసుకున్న మరొక నిర్ణయం. కరువు సాయం తన చేతుల మీదుగా జరుగుతున్నంతకాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వకూడదని ఆయన పట్టుబట్టారు. జనం వచ్చి అడిగినా, ఏడాదికి పైగా ఆగమనే చెప్పారు. తిండి కోసం మతంలో కలిశారన్న మాట ఎవరికీ రాకూడదన్నది ఆయన ఉద్దేశం. సాయం నిలిచిపోయి, ఇక ఆయన దగ్గర ఇవ్వడానికి డబ్బు లేదని తెలిసిన తరువాత కూడా జనం వచ్చారు. జూలై 3న బాప్తిస్మం ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరు చొప్పున నీటిలో దిగి, వంతులవారీగా ఇచ్చారు. క్లౌ ఆ రోజు స్వయంగా ఎవరికీ ఇవ్వలేదు.

కడుపు కోసమే మారారన్న విమర్శ దీనితో పూర్తిగా తొలగిపోతుందా అంటే, తొలగిపోదనే నేను అనుకుంటాను. ఆకలి వేళ అన్నం పెట్టినవాడిని మనిషి మరచిపోడు. కృతజ్ఞత ఎక్కడ ముగిసి విశ్వాసం ఎక్కడ మొదలైందో ఎవరూ తూకం వేసి చెప్పలేరు. పైగా అంటరానివాళ్ళని దూరం పెట్టిన ఊరు, వారు ఎందుకు మారారని నిలదీయడంలో ఉన్న వింత కూడా తక్కువేమీ కాదు. ఏమైనా, సాయానికీ మతానికీ నడుమ ఎడం ఉండాలని గుర్తించి, తన సంఘం పెరుగుదలను తానే వాయిదా వేసుకున్న మనిషిగా క్లౌను చూడాలి.

తెలంగాణలో నిజామాబాదు దగ్గరి డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి కథలోనూ ఇటువంటి విశాలత ఉంది. డాక్టర్ ఇసబెల్ కెర్ అనే మెథడిస్టు మిషనరీ నడిపిన ఆ ఆసుపత్రికి పెద్ద మొత్తంలో విరాళం ఇచ్చిన రాజా నర్సాగౌడ్ హిందువు.

ఈ కథలు తెలిసిన నాకు ఇప్పటి డిసెంబరు పంపకాలు చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఒక సంఘంలో దుప్పట్లు పంచుతూ ఉంటే, అందుకొని మెట్లు దిగబోతున్న ఒక ముసలమ్మను, ఫోటో సరిగా పడలేదని వెనక్కు పిలిచి, చేతిలోని దుప్పటి తీసుకొని, బ్యానరు ముందు నిలబెట్టి మళ్ళీ ఇచ్చారు. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదని అంతకు గంట ముందే ప్రసంగంలో విన్నాము.

అదే సంఘాలలోని ఆడవాళ్ళు మాత్రం ఏ సందడీ లేకుండా పిడికెడు బియ్యం ఎత్తిపెడుతూ వచ్చారు. మా అమ్మ పొయ్యి మీదికి ఎసరు పెట్టి, బియ్యం కొలుచుకొన్నాక, అందులోంచే ఒక పిడికెడు తీసి పక్కనున్న డబ్బాలో వేసేది. బియ్యం తక్కువగా ఉన్న రోజున పిడికిలి చిన్నదయ్యేది కానీ మానేది కాదు. ఆదివారం ఆ బియ్యమంతా గుడిలో ఒక గోనెలోకి చేరేది. అది ఎవరింటికి వెళుతుందో స్త్రీల సమాజంలోని ఒకరిద్దరికి తప్ప తెలిసేది కాదు. తీసుకొనేవారిలో ఇచ్చేవారు కూడా ఉండేవారు, ఎందుకంటే ఈ నెల ఇచ్చిన ఇంట్లోనే వచ్చే నెల పని పోవచ్చు.

ఈసారి క్రిస్మస్‌కు దుప్పట్లు మానేసి, ఆ డబ్బును మా సంఘంలో డయాలసిస్‌కు వెళ్ళేవారి దారి ఖర్చులకు నెలనెలా ఇద్దామని కమిటీలో అడిగాను. వైద్యం ఖర్చు ప్రభుత్వ ఆరోగ్య పథకం చూసుకొంటున్నా, వారానికి రెండు మూడుసార్లు ఆటోకు పెట్టే డబ్బు, తోడు వెళ్ళినవారు పోగొట్టుకొనే కూలి ఎవరూ ఇవ్వడం లేదు. ఫోటోలు పంపకపోతే పై ఊళ్ళలో ఉన్న దాతలు వచ్చే ఏడు మొహం చాటేస్తారని కోశాధికారి అన్నారు. ఆయన మాటలో నిజం లేకపోలేదు. దాతలకు ఫోటోకు బదులు లెక్కలు పంపుదామని నేను అన్నాను. పాస్టరు అయ్యగారు ఇద్దరి మాటా విని, విషయాన్ని వచ్చే కమిటీకి వాయిదా వేశారు.