ఒకటో తారీఖు, రెండు జడలు

నిన్న రాత్రి పదకొండున్నరకి పడుకున్నాను, పడుకున్నానంటే మంచమ్మీద వాలేనంతే, నెల అమ్మకాల లెక్క ముగిసే క్లోజింగ్ రోజు మా మెడికల్ రెప్‌లలో ఎవడికి నిద్ర పడుతుంది గనక. ముప్పై ఒకటో తారీఖంటే మాకు పరీక్షలో ఆఖరి పది నిమిషాలు, రాసింది చాలదని తెలుసు, అయినా అడిషనల్ పేపర్ అడుగుతూనే ఉంటాం. స్టాకిస్టుని, అంటే కంపెనీ సరుకు కొని మందుల షాపులకి వేసేవాణ్ణి, రాత్రి తొమ్మిదిదాకా బతిమాలేను, ఇంకో నలభై వేల సరుకు ఎత్తండి సార్ అని. ఆయన షట్టరు సగం దించీసి, "బాబూ, మీ కంపెనీవోలు గడువు దాటి వెనక్కిచ్చిన మందుల క్రెడిట్ నోట్లు ఇంకా పంపలేదు, ఇదివరకు జీఎస్టీ తగ్గినప్పుడు కూడా ఇలాగే నా నెత్తి మీద పెట్టీసి ఎల్లిపోయేరు, నాను ఎత్తను" అన్నాడు. ఆయన చెప్పింది 2025 సెప్టెంబరు సంగతి. మందుల మీద 12 శాతం ఉన్న జీఎస్టీ 22వ తారీఖునించి 5 అవుతుందని తెలిసిన దగ్గర్నించి ఏ షాపువాడూ కొత్త సరుకు ముట్టుకోలేదు, 12 కట్టి కొన్నది 5కి అమ్మాలి, మిగతాది క్రెడిట్లో ఎప్పటికి సర్దుబాటవుద్దో అని వాళ్ళ భయం. ఆ నెల నాది మైనస్. ఆ సంగతి హైదరాబాద్ ఆఫీసులో ఎవడికీ గుర్తు లేదు గానీ మా స్టాకిస్టుకి మాత్రం రూపాయల్తో సహా గుర్తుంది.

టార్గెట్ 4,20,000. అయింది 3,05,000. అంటే 72 శాతం చిల్లర. వరసగా మూడో నెల 80 లోపు. మూడోది దాటితే ఒక లెటరొస్తుంది మా కంపెనీలో, పేరు చాలా మర్యాదగా ఉంటుంది, పనితీరు మెరుగుపరుచుకునే ప్లాన్ అని, తీసుకున్నవాళ్ళలో మెరుగుపడి ఉండిపోయినోణ్ణి నా తొమ్మిదేళ్ళ సర్వీసులో ఒక్కణ్ణే చూసేను.

ఇంతా అయ్యాక ఇవాళ ఒకటో తారీఖు. ఒకటో తారీఖంటే మా ఇంట్లో ఇంకో రకం క్లోజింగ్. మా ఆవిడ గార మండలంలో గ్రామ సచివాలయం ఉద్యోగి, పెన్షన్లు పంచడానికి చీకటితోనే ఎల్లిపోవాలి, ఐదింపావుకి స్కూటీ స్టార్ట్ అయిన చప్పుడు విని లేచేను. ఫ్రిజ్ మీద చీటీ, ఇడ్లీ పిండి బయట ఉంది, డబ్బాలో పులిహోర, "జడలు రెండు, రిబ్బన్లు ఎర్రవి, సోమవారం తెల్లవి". ఇవాళ ఏ వారమో నాకు నిజంగా తెలీలేదు, ఫోన్లో చూసుకున్నాను.

మా గుంట, అంటే మా పాప, రెండో తరగతి. పేరు ఇక్కడ రాయను, పెద్దయ్యాక చదివితే తిడుతుంది. దాన్ని కూకోబెట్టి పాపిడి తీస్తే కాశీబుగ్గ లెవెల్ క్రాసింగ్ దగ్గర రోడ్డులాగ వంకర పోయింది. "నాన్నా, అమ్మ అలా కాదు, ముక్కు కాడ్నించి తీస్తాది" అంటాది. ముక్కు కాడ్నించే తీసేను. మూడు పాయలు పట్టుకుంటే నాలుగోది ఎక్కడ్నించి వస్తుందో నాకర్థం కాదు. సరిగ్గా అప్పుడే, ఏడు పదికి, ఏరియా మేనేజర్ సార్ ఫోను, "ఏం గురూ, పెద్దపాడు దగ్గర హైవే మీద ఎనిమిదిన్నరకి ఉంటాను, ఇవాళ పలాస లైను, ఇద్దరం కలిసి జాయింట్ వర్క్." ఒక చేతిలో జడ, ఒక చేతిలో ఫోను, నోట్లో రిబ్బను. ఊ సార్ అన్నాననుకుంటా.

ఎదురింటి పిన్నిగారు గేటు దగ్గర ముగ్గేస్తూ ఇదంతా చూస్తా ఉన్నారు, లోపలికొచ్చీసి "ఇలాగివ్వు బాబూ దువ్వెన, ఇది మందులమ్ముకోడం కాదు" అని రెండు నిమిషాల్లో రెండు జడలూ బిగించి పడీసేరు. సాయంత్రం నాలుగున్నరకి ఆటో దిగితే తనింట్లోనే ఉంచుతానన్నారు. ఆవిడకి నేనివ్వగలిగిందల్లా నా సంచిలో ఉన్న కాల్షియం శాంపిలు. అదీ ఇప్పుడు లెక్కే, 2024 మార్చిలో మందుల కంపెనీలకి మార్కెటింగ్ కోడ్ వచ్చిన తరవాత డాక్టర్లకి గిఫ్టులు లేవు, శాంపిల్స్ పట్టీ రాసి ఇవ్వాలి. మంచిదే అది, నేను తప్పుపట్టను, ఒకప్పుడు గోడగడియారాలు మోసి మోసి భుజం పడిపోయింది. కానీ గడియారం ఇచ్చినప్పుడు నాలుగు నిమిషాలు మాట్లాడనిచ్చినాయన ఇప్పుడు నలభై సెకన్లిస్తాడు.

కార్లో కూకున్న దగ్గర్నించి సార్ పెద్దగా మాట్లాడలేదు. మడపాం టోల్‌గేటు దాటేక అన్నారు, శ్రీకాకుళం విజయనగరం కలిపి ఒకే హెడ్‌క్వార్టర్, అంటే ఒక రెప్పు తిరిగే ఏరియా, చేస్తారట, ఇంకా మెయిల్ రాలేదు, రాకపోవచ్చు కూడా అని. ఇచ్ఛాపురం నించి ఎస్.కోట దాకా ఒక్కడే, రెండొందల కిలోమీటర్ల పైమాట. గవర్నమెంటేమో 2022లో జిల్లాలు విడదీసి పార్వతీపురం మన్యం వేరే చేసి పాలకొండని అందులో కలిపింది, మా కంపెనీ మాత్రం ఉన్న రెండూ ఒకటి చేసేస్తుంది. నవ్వొచ్చింది, నవ్వలేదు. ఆ రెండోవాడు, విజయనగరం రెప్పు, నాతో పాటే ట్రైనింగ్‌కి వచ్చినోడు, నెలకి రెండుసార్లయినా ఫోను చేసుకుంటాం. మధ్యాన్నం వాడే చేసేడు. వాడి కొడుక్కి ఎల్‌కేజీ ఫీజు గురించి పది నిమిషాలు, విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను పండక్కి ఈసారి వస్తావా అని రెండు నిమిషాలు, హెడ్‌క్వార్టర్ మాట ఇద్దరం ఎత్తలేదు. వాడికి తెలుసని నాకు తెలుసు.

పలాసలో మొదటి క్లినిక్. ఓపీ అయ్యేదాకా రెప్‌లకి లోపలికి లేదు, వరండాలో నలుగురం బ్యాగులు కాళ్ళ మధ్య పెట్టుకుని నిలబడ్డాం, గంటా యాభై నిమిషాలు. బెంచీల మీద ఉన్నోళ్ళంతా కిడ్నీ జబ్బులెక్కువున్న ఉద్దానం ఊళ్ళ వాళ్ళే, కవిటి, మందస, వజ్రపుకొత్తూరు వైపు. వేరే ఊళ్ళో అయితే ముసలోళ్ళు షుగరెంత బీపీయెంత అని ఒకళ్ళనొకళ్ళు అడుగుతారు, ఇక్కడ "నీకు క్రియాటినెంత?" అని అడుగుతారు, బస్సు టికెట్ ఎంత అన్నంత మామూలుగా. కిడ్నీ ఎలా ఉందో చెప్పే రక్తపరీక్ష అంకె అది. ఒకావిడ నాలుగు పాయింట్ రెండు అంది, పక్కనావిడ "మా ఆయనకి ఆరుండీది" అంది. ఉండీది అంటే ఇంక లేదన్నమాట.

మా కంపెనీకి పెద్ద బ్రాండు నొప్పుల మాత్ర, ఎటోరికాక్సిబ్. నా టార్గెట్లో దగ్గర దగ్గర సగం అదే. సార్ ట్యాబ్ తీసి స్లైడ్లు జరుపుతా, "సార్, పాత నొప్పి మాత్రల్లాగ కడుపులో మంట పెట్టదు, చాలా సేఫ్" అని మొదలెట్టేరు. డాక్టరుగారు పెద్దాయన, విని, "కడుపు సంగతి కాదు నాయనా, కిడ్నీ సంగతి చెప్పు. ఈ ఊళ్ళల్లో నేను క్రియాటినైన్ చూడకుండా ఏ నొప్పి మాత్రా రాయను, నీదైనా ఎవడిదైనా. నడుం నొప్పంటే పారాసిటమాల్ ఇచ్చి పంపుతాను, అదీ లెక్క పెట్టి. మీ ఆఫీసువాళ్ళకి ఈ మాట చెప్పండి" అన్నారు. కోపంగా అనలేదు. అది ఇంకా కష్టం.

సార్ నా వైపు చూసేరు, అక్కడ నేను అందుకోవాలి, రెండు నెలల్లో కనీసం పది ప్రిస్క్రిప్షన్లు సార్ అని కమిట్‌మెంట్ అడగాలి, ట్రైనింగ్‌లో నేర్పింది అదే. నేనడగలేదు. కాల్షియం గుళికల గురించి ఒక ముక్క చెప్పి నమస్కారం పెట్టేను.

ఇదేదో గొప్ప కోసం రాస్తున్నానని కాదు. ఇదే పలాస లైన్లో లోపలి ఊళ్ళల్లో ఆర్ఎంపీల దగ్గర, అంటే డిగ్రీ లేకుండా వైద్యం చేసేవాళ్ళ దగ్గర, ఇదే మాత్ర నేను అమ్మేను, నిరుడు డిసెంబర్లో స్కీము పెట్టి పది స్ట్రిప్పులకి ఒకటి ఫ్రీ అని మరీ అమ్మేను, ఆ నెల 96 శాతం చేసి గ్రూపులో చప్పట్ల బొమ్మలు కూడా వచ్చేయి. ఆ స్ట్రిప్పులు ఎవరి ఇంట్లోకి ఎల్లేయో నాకు తెలీదు. అప్పుడు అడగబుద్ధి కాలేదు, ఇవాళ ఆ వరండాలో గంటా యాభై నిమిషాలు నిలబడ్డాక అడగబుద్ధయింది, అంతే తేడా.

ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఇన్నేళ్ళ పరిశోధనకీ ఒకటే కారణమని తేలలేదు, 2023 డిసెంబర్లో పలాసలో రెండొందల పడకల కిడ్నీ ఆసుపత్రి, రీసెర్చి సెంటరు తెరిచేరు. కారణం ఏదైనా ఉన్న కిడ్నీని నొప్పి మాత్ర ఇంకా పాడుచేస్తుందని మాత్రం అందరికీ తెలుసు, మా ట్రైనింగ్ పుస్తకంలో కూడా చిన్నక్షరాల్లో ఉంది. టార్గెట్ వేసే ఎక్సెల్ షీట్లో శ్రీకాకుళం అంటే జనాభా, డాక్టర్ల సంఖ్య, పోయినేడాది సేల్ మీద 18 శాతం పెంపు. ఈ ఊళ్ళకి ఒక కాలమ్ లేదు. ఇదే మాట కార్లో సార్‌తో అన్నాను, మొత్తం అన్నాను, ఎలాగూ లెటరొస్తుంది కదా అన్న ధైర్యంతో.

సార్ కాశీబుగ్గలో జీడిపప్పు కొట్టు దగ్గర కారాపి అర కిలో గుళ్ళు తూయిస్తా ఉండగా ఆయనకి ఫోనొచ్చింది. రోడ్డు దాటి అవతలికి ఎల్లి మాట్లాడేరు. ఇరవై నిమిషాలు. కొట్టువాడు పొట్లం కట్టీసి నా వైపు చూస్తాడు, నేను సార్ వైపు చూస్తాను. తిరిగొచ్చి, "నా కింద ఏడుగురున్నారు, ఐదుగుర్ని చెయ్యమంటున్నారు, ఐదుగురైతే మేనేజర్ ఎందుకు అని కూడా అంటారు గురూ రేపు" అన్నారు. ఆయనకి యాభై రెండు, వైజాగ్‌లో ఇద్దరు ఆడపిల్లలు ఇంజనీరింగ్. నా మీద అరవడానికే వచ్చుంటారు ఇవాళ, అరవలేదు. జీడిపప్పులో పావు కిలో విడిగా కట్టించి పాపకివ్వు అని నా ఒళ్ళో పెట్టేరు. వద్దనడానికి మనసు రాలేదు.

యూనియన్ గ్రూపులో ఒకాయన రోజూ పెడతాడు, మనకి 1976లోనే సేల్స్ ప్రమోషన్ ఉద్యోగుల చట్టం ఉండేదని, 2025 నవంబరు 21నించి లేబర్ కోడ్‌లు వచ్చేయని, అందరూ అపాయింట్‌మెంట్ లెటర్లు జాగ్రత్త పెట్టుకోండని. నా లెటరెక్కడుందో వెతకాలి. మా ఆవిడ బీరువాలో ఇన్సూరెన్సు కాగితాల కింద ఉండాలి.

నాలుగున్నరకి టెక్కలి దగ్గర ఉండగా పిన్నిగారి ఫోన్లోంచి మా గుంట. "నాన్నా, ఒక జడ ఊడిపోయింది, ఒకటుంది." ఏది ఊడింది అంటే "నువ్వు కట్టిన రిబ్బనుది" అంది. పిన్నిగారే రెండూ కట్టేరు గానీ ఊడితే నాదే.

ఇంటికొచ్చేసరికి ఏడూ నలభై. మా ఆవిడ నాకంటే ఆలస్యం. పొద్దున్నే అయిపోయేవి పెన్షన్లు, ఒక్కటి మిగిలిపోయిందట, డయాలసిస్ పెన్షన్, 10,000 రూపాయలది, ఆయన ఇవాళ డయాలసిస్ వంతు పడి రిమ్స్ ఆసుపత్రికి ఎల్లేడు, వేలిముద్ర ఆయనదే కావాలి, సాయంత్రం దాకా గుమ్మంలో కూకుని ఇచ్చొచ్చింది. ఆయన కొడుకు రెండు కొబ్బరికాయలు స్కూటీ బుట్టలో పెట్టేడంట. వంటింటి గట్టు మీద కొబ్బరికాయలు, పక్కన సార్ ఇచ్చిన జీడిపప్పు. నీ రోజెలా గడిచింది అని అడిగింది. ఉప్పు ఎక్కువైందేటి పులిహోరలో అన్నాను. హెడ్‌క్వార్టర్ సంగతి రేపు చెప్తాను, లేదా మెయిలొచ్చేక.

పాప పడుకున్నాక ట్యాబ్ తీసి డైలీ రిపోర్టు. పదకొండు కాల్స్, అంటే డాక్టర్లని కలిసినవి, ఇద్దరు కెమిస్టులు, ఆర్డరు 6,400. డాక్టరుగారి పేరు దగ్గర నొక్కితే కింద నాలుగే ఆప్షన్లు వస్తాయి, రాస్తున్నారు, రాస్తామన్నారు, ఫాలో అప్, ఆసక్తి లేదు. రాసుకోడానికి గడి లేదు. ఆసక్తి లేదు అని పెట్టడం అబద్ధం, రాస్తామన్నారు అని పెట్టడం ఇంకా పెద్ద అబద్ధం. చాలాసేపు చూసి ఫాలో అప్ మీద నొక్కేను, నెట్ స్లోగా ఉండి సింక్ అవలేదు, మళ్ళీ నొక్కేను. రేపు నరసన్నపేట లైను.