డాబా మీద స్ట్రాబెర్రీ: మొక్క నాటడం నుంచి జామ్ సీసా దాకా నా అనుభవం

హైదరాబాద్‌లో స్ట్రాబెర్రీకి ఉన్న గడువు అయిదారు నెలలే. వానలు వెనకబట్టాక, అక్టోబరు రెండో వారం నుంచి నవంబరు మొదటి వారం లోపల మొక్క మట్టిలో పడాలి. మార్చిలో ఎండలు ముదిరేలోగా కోత ముగియాలి. ఆ తర్వాత మొక్క బతికినా కాయదు. వేసవంతా గ్రీన్ నెట్ కింద పెట్టి దాన్ని కాపాడే పని నేను పెట్టుకోను, ఏటా కొత్త మొక్కలే తెప్పిస్తాను. దీన్ని ఒక సీజన్ పంటగా చూస్తే సగం తలనొప్పి వదులుతుంది.

విత్తనాల జోలికి పోకండి. ఆన్‌లైన్‌లో నీలం రంగు స్ట్రాబెర్రీ విత్తనాలంటూ అమ్మేవి పచ్చి మోసం, అలాంటి రకమే లేదు. కొన్న పండు మీది గింజలు గీకి మొలిపించినా తల్లి గుణం రాదు. మనం తినే స్ట్రాబెర్రీ 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో రెండు అమెరికా జాతులు కలిసి పుట్టిన సంకరం, దాని గింజలు ఒక్కోటి ఒక్కో దారి పడతాయి. కావలసింది రన్నర్ మొక్క, అంటే తల్లి మొక్క పాకించిన తీగ మీద వేళ్లూనిన పిలక. ఇవి ఎక్కువగా మహాబలేశ్వర్, పంచగని వైపు నర్సరీల నుంచి వస్తాయి. వింటర్ డాన్ అనే రకం తొందరగా కాపుకొస్తుంది, మన చిన్న చలికాలానికి అదే నయం. కామరోసా పండు గట్టిగా ఉంటుంది, జామ్‌కు బాగుంటుంది కానీ కాపు ఆలస్యం.

కొరియర్‌లో వచ్చిన మొక్క వాడిపోయి ఉంటే కంగారు పడక్కర్లేదు. ఎండిన ఆకులు తీసేసి, మధ్యలో రెండు మూడు లేత ఆకులు ఉంచి, లీటరు నీళ్లకు 10 గ్రాముల ట్రైకోడెర్మా (వేరుకుళ్లును అడ్డుకునే మేలు శిలీంధ్రం పొడి) కలిపి వేళ్లను పావుగంట ముంచుతాను. సాయంత్రం పూట నాటి, నాలుగైదు రోజులు నీడలో ఉంచుతాను.

నాటడంలో అసలు కీలకం క్రౌన్. ఆకు కాడలన్నీ ఒకచోట పుట్టే ఆ పొట్టి మొదలు సగం మట్టిలో, సగం పైకి ఉండాలి. చిగురు మట్టిలో కూరుకుపోతే వారం పది రోజుల్లో కుళ్లి, లాగితే చేతిలోకి ఊడి వస్తుంది. మరీ పైకి ఉంటే కొత్త వేళ్లు గాలికి ఎండిపోతాయి. నీళ్లు పోశాక మట్టి దిగుతుంది కాబట్టి, మర్నాడు పొద్దున ప్రతి కుండీలోనూ క్రౌన్ ఎక్కడుందో చూసి మళ్లీ సరిచేయాలి. చాలామంది మొక్కలు పోయేది ఈ ఒక్క పని వదిలేయడం వల్లే.

పది అంగుళాల కుండీకి ఒక్క మొక్క. మట్టి మిశ్రమంలో రెండు పాళ్లు కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు వర్మీకంపోస్టు, కుండీకి ఒక గుప్పెడు వేపపిండి. కోకోపీట్ ఇటుకను నానబెట్టి, పిండి, నీళ్లు మార్చి కనీసం మూడుసార్లు కడగాలి, అందులో ఉప్పు ఉంటుంది. రోజుకు ఆరు గంటల ఎండ తగలాలి. మొక్క నిలదొక్కుకున్నాక మట్టి మీద రెండంగుళాల మందాన వరిగడ్డి పరిస్తే పండు తడి మట్టికి తగలదు.

ఇక నీళ్ల సంగతి. స్ట్రాబెర్రీ ఉప్పుకు అస్సలు ఓర్వదు, మన బోరు నీళ్లలోనేమో ఉప్పూ సున్నమూ రెండూ ఎక్కువ. రెండు లక్షణాలు వేర్వేరుగా గుర్తుపట్టాలి. ముదురు ఆకుల అంచులు గోధుమ రంగులో మాడితే అది ఉప్పు. లేత ఆకులు పసుపు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే, సున్నపు నీళ్ల వల్ల మట్టిలో పిహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) పెరిగి ఇనుము వేళ్లకు అందడం లేదని అర్థం. రెండోదానికి నీళ్లను కాస్త పుల్లబరచాలి. పది లీటర్లకు అర చెంచా నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), అంటే సుమారు 2 గ్రాములు కలిపి, పిహెచ్ కాగితంతో చూసి, 6 దగ్గరకు వచ్చేదాకా చిటికెడు చిటికెడు పెంచాలి. ఆకులు అప్పటికే పసుపు తిరిగి ఉంటే చీలేటెడ్ ఐరన్, అంటే వేళ్లకు అందే రూపంలో ఉన్న ఇనుము పోయాలి. అందులోనూ ఇడిడిహెచ్‌ఎ అని రాసి ఉన్నది కొనండి, సున్నపు మట్టిలో మామూలు ఇడిటిఎ రకం ఎక్కువ కాలం నిలవదు.

ఉప్పుకు మాత్రం నిమ్మ ఉప్పు మందు కాదు. కుళాయి నీళ్లో, పట్టి ఉంచిన వాన నీళ్లో కలిపి పలచన చేయాలి. పది పదిహేను రోజులకోసారి కుండీ అడుగు నుంచి ధారగా కారేటట్టు మంచినీళ్లు పోసి ఉప్పు కడిగేయాలి. ఆర్వో యంత్రం బయటికి వదిలే నీళ్లు వృథా అవుతున్నాయి కదా అని మొక్కలకు పోసేవాళ్లుంటారు. ఉప్పంతా పోగయ్యేది ఆ నీళ్లలోనే, స్ట్రాబెర్రీకి అవి విషం.

ఎరువు కొంచెం కొంచెంగా ఇవ్వాలి. కొత్త ఆకులు మూడు నాలుగు వచ్చాక వారానికోసారి లీటరుకు గ్రాము 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్ల ఎరువు), పూత మొదలయ్యాక ఒక వారం 13:0:45 (పొటాష్ ఎక్కువున్నది), ఒక వారం కాల్షియం నైట్రేట్, అవీ లీటరుకు గ్రామే. కాల్షియం నైట్రేట్‌ను 19:19:19తో ఒకే బకెట్లో కలపకూడదు, తెల్లటి మడ్డి అడుగున పేరుకుని రెండూ దండగ. నత్రజని ఎక్కువైతే ఆకు ఏపుగా పెరిగి పండు చప్పబడుతుంది. నాటిన మొదటి మూడు వారాల్లో వచ్చిన పూత గిల్లేస్తాను, తీగలు పాకితే వాటినీ మొదలంటా కత్తిరిస్తాను. ముందు మొక్కకు ఒళ్లు రావాలి.

పూతకొచ్చాక డాబాలకు ఎదురయ్యే చిక్కు తేనెటీగలు రాకపోవడం. పండు మీద కనిపించే ప్రతి గింజా విడిగా పరాగం అందుకోవాలి, గింజ కట్టిన చోటే కింద గుజ్జు ఉబ్బుతుంది. అందని చోట పండు నొక్కుకుపోయి వంకరగా వస్తుంది. పది, పదకొండు గంటల మధ్య మెత్తటి కుంచెతో పూవు చుట్టూ బయటి కేసరాలను తాకి, మధ్యనున్న పచ్చటి గుబ్బ అంతా మూడు నాలుగు సుళ్లు తిప్పితే చాలు. పూవు రాలిన నెలకు పండు చేతికొస్తుంది.

జనవరి చివర్లో గాలి పొడిబారగానే ఆకు అడుగున ఎర్రనల్లి చేరుతుంది. ఆకు మీద సన్నటి తెల్ల చుక్కలు కనిపించిన రోజే అడుగు భాగాన్ని నీటి ధారతో కడగాలి. సాయంత్రం లీటరుకు 5 మి.లీ. వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్లు కలిపి కొట్టాలి. పండు మీద బూడిద రంగు బూజు వస్తే ఆ పండు, పక్కనున్నదీ తీసి పారేయాలి, సాయంత్రాలు ఆకుల మీద నీళ్లు చల్లడం మానాలి. పిట్టలకూ ఉడుతలకూ వలే గతి.

కోతకు తొడిమ దాకా ఎర్రబడాలి. మామిడిలా ముగ్గబెట్టే కాయ కాదిది. కోశాక రంగు కొంచెం ముదురుతుందేమో గానీ తీపి పెరగదు. పొద్దున్నే, తొడిమతో సహా, కాడ గిల్లి కోయాలి. కడిగాకే తొడిమ తీయాలి. ముందే తీస్తే ఆ గుంటలోంచి నీళ్లు లోపలికి దిగి పండు చప్పబడుతుంది.

కుండీ మొక్క సీజన్ మొత్తానికి బాగా కాస్తే 200 గ్రాముల చుట్టూ ఇస్తుంది, అదీ ఒక్కసారి కాదు, కొంచెం కొంచెంగా. అందుకే జామ్ సంగతి తర్వాత, ముందు ఫ్రీజర్. పూర్తిగా తడి ఆరిన పండ్లను ఒకదానికొకటి తగలకుండా పళ్లెంలో పరిచి గడ్డకట్టించి, మర్నాడు జిప్ కవర్లో వేసి, గాలి పిండేసి మూసేస్తాను. తడితో వేస్తే మంచు గడ్డకట్టి అన్నీ ఒకే ముద్దవుతాయి. కరిగాక మెత్తబడే మాట నిజమే, జామ్‌కూ గుజ్జుకూ ఆ మెత్తదనం మంచిదే. కిలో పోగయ్యాకే పొయ్యి వెలిగిస్తాను. ఎదురు చూడలేనివాళ్లు లంబసింగి తోటల పండో, మహాబలేశ్వర్ డబ్బాలో కొని కలుపుకోవచ్చు.

కిలో పండ్లకు 700 గ్రాముల పంచదార, 3 పెద్ద చెంచాల నిమ్మరసం. పంచదార కలిపి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే పండు ముక్క లోపలికి తీపి ఎక్కుతుంది, సీసాలో పైకి తేలదు. స్ట్రాబెర్రీలో పెక్టిన్, అంటే జామ్ గడ్డకట్టేలా చేసే పదార్థం తక్కువ. పొడి కొనే బదులు దోర జామకాయలు రెండు తరిగి, గ్లాసు నీళ్లలో అరగంట సన్న సెగ మీద ఉడికించి, పిండకుండా వడగట్టిన నీళ్లు కలుపుతాను. వెడల్పాటి స్టీలు గిన్నె, పెద్ద మంట. ఎంత తొందరగా ఉడికితే అంత ఎర్రగా ఉంటుంది. ఒకేసారి రెండు మూడు కిలోలు పెడితే సేపు పట్టి గోధుమ రంగుకు తిరుగుతుంది.

పాకం ఎప్పుడైందో చూడటంలో చాలామంది దెబ్బతింటారు. 104–105 డిగ్రీలని రాసే లెక్క సముద్ర మట్టానిది. హైదరాబాద్ 500 మీటర్ల పైన ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, జామ్ 103కే తయారవుతుంది. 105 కోసం ఆగితే చల్లారాక చెంచా దిగదు. విశాఖలో అయితే 104.5 సరిపోతుంది. థర్మామీటరు లేకపోతే తూకం ఇంకా నమ్మకం: ఖాళీ గిన్నెను ముందే తూచి ఉంచుకుని, లోపలి సరుకు 1.2 కిలోలకు రాగానే దించేయాలి. అప్పటికి తీపి 65 శాతం దగ్గరికి వచ్చి ఉంటుంది, బూజు పట్టకుండా నిలవడానికి కావలసింది అదే. దించాక అయిదు నిమిషాలు ఆగి, ఒకసారి కలిపి, మరిగించిన సీసాల్లో వేడి మీదే నింపి మూత బిగించాలి.

మెత్తబడిన పండ్లు, వంకర పండ్లు క్రష్‌కు పోతాయి. అర కిలో గుజ్జు, కిలో పంచదార, 400 మి.లీ. నీళ్లు, 15 గ్రాముల నిమ్మ ఉప్పు. నీళ్లు, పంచదార, నిమ్మ ఉప్పు మరిగించి, వడగట్టి చల్లార్చాకే గుజ్జు కలపాలి. నిల్వకు 1 గ్రాము సోడియం బెంజోయేట్ చెంచాడు నీళ్లలో కరిగించి పోయాలి. మామిడి, నిమ్మ స్క్వాష్‌లకు వాడే కెఎంఎస్ (పొటాషియం మెటాబైసల్ఫైట్) దీనికి వద్దు, ఎర్ర రంగును తినేస్తుంది.

తీపి వంటల్లో అందరూ ముందుగా అడిగేది మహాబలేశ్వర్ తరహా స్ట్రాబెర్రీ క్రీమ్. టెట్రా ప్యాక్ ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు 25 శాతమే, ఎంత గిలకొట్టినా నిలబడదు. 35 శాతానికి పైన ఉన్న విప్పింగ్ క్రీమ్ కావాలి, గిన్నె కూడా ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరచాలి. ముక్కలకు పంచదార ముందే కలిపితే నీరు వదులుతాయి, వడ్డించే ముందు కలపండి. శ్రీఖండ్‌లో పచ్చి గుజ్జు వేస్తే జారిపోతుంది. 300 గ్రాముల గుజ్జును సన్న సెగ మీద 120 గ్రాములకు దగ్గరబెట్టి, చల్లార్చి, కిలో పెరుగు కట్టగా వచ్చిన మీగడ ముద్దలో కలపాలి. సేమ్యా పాయసం, రబ్డీ, కుల్ఫీ ఏదైనా పాలు పూర్తిగా చల్లారాకే ఈ గుజ్జు తగలాలి, వేడి మీద పులుపు పడితే విరిగిపోతాయి. కేకుల్లో, ముఖ్యంగా గుడ్డు లేకుండా పెరుగు, వంటసోడాతో చేసే వాటిలో, సోడా మిగిలిపోతే పండు చుట్టూ బూడిద నీలం చారలు వస్తాయి, చెడిపోయిందేమో అనిపిస్తుంది. సోడా మోతాదు తగ్గించి బేకింగ్ పౌడర్ పెంచితే ఎరుపు ఎరుపుగానే ఉంటుంది.