మీరొచ్చినంకనే

పదకొండున్నరయింది. ఈయనా చిన్నదీ ఎప్పుడో పడుకున్నారు. నాకు ఒక మాట మింగుడుపడక ఇలా కూర్చున్నాను.

పొద్దున ఓనరాంటీ అన్న మాట. మెట్ల మీద కూర్చుని కొత్తిమీర కట్ట బాగుచేసుకుంటూ, నా మొహం వైపు కూడా చూడకుండా అంది. "మీరొచ్చినంకనే బిడ్డా ఈ ఎల్కలు. అంతకుముందు మా ఇంట్ల ఒక్కటి గూడ లేకుండె. మీ సామాన్లల్ల వచ్చినయేమో, జర సూస్కో."

జర సూస్కో, అట.

నేను దిగి వెళ్ళింది సింకు కింద కంత సంగతి చెప్పడానికి. సోమవారం వాషింగ్ మెషిన్లో బట్టలు వేసి మీట నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. మెకానిక్కు వచ్చి వెనక రేకు విప్పి, లోపల్నుంచి వైరు ముక్కలు గుప్పెడు తీసి నా చేతిలో పోశాడు. రంగురంగుల సేమ్యాలా ఉన్నాయి. "అడుగున ఎలుకల జాలీ వేయించుకోలేదా మేడం?" అన్నాడు. అలాంటి జాలీ ఒకటుంటుందని కొన్నప్పుడు ఎవరు చెప్పారు కనక! వైరింగూ, జాలీ, అతను వచ్చినందుకూ కలిపి 2,700. అందులో సగం అడుగుదామని వెళ్ళలేదు నేను, ఒట్టు. పైపు గోడలోకి దూరేచోట మేస్త్రీ కట్టినప్పుడే వదిలేసిన కంత ఉంది, దాన్ని కాస్త సిమెంటు పెట్టి పూడ్పించండి ఆంటీ, అని. అంతే. చిట్టెలుకకి పెన్సిలు దూరే సందు చాలు, తల పట్టిందంటే ఒళ్ళంతా జారిపోతుంది. ఈయన చిన్నదాని పెన్సిలు తెచ్చి దూర్చి చూశారు కూడా. మా కంతలో పెన్సిలేమిటి, కంపాస్ బాక్సే పట్టేట్టుంది.

పైకొచ్చి పప్పు పోపు పెడుతున్నప్పుడు తట్టాయి జవాబులన్నీ. నాకెప్పుడూ అంతే, అవతలివాళ్ళు తలుపేసుకున్నాకే నోరు లేస్తుంది. మేం ఈ ఇంట్లో దిగింది ముందటేడు శ్రావణంలో. గట్టు మీద మొదటి పెంటిక కనపడింది మొన్న సంక్రాంతి వెళ్ళాక. బియ్యపుగింజంత, నల్లగా, నేను కాలిన జీలకర్ర అనుకుని చేత్తో తీశాను కూడా, అది వేరే కథ. మధ్యలో ఏడాదిన్నర. ఇళ్ళల్లో తిరిగే చిట్టెలుక ఏడాది బతికితే గొప్ప. మేం మల్కాజిగిరి పాతింటి నుంచి లారీలో ఎక్కించుకొచ్చిన ఎలుకంటూ ఉంటే దానికి ఈపాటికి సంవత్సరీకం కూడా అయిపోయుండాలి. దాని పిల్లలూ మనవలూ అంటారా? మూడువారాల్లో ఈనేస్తుంది, ఈతకి ఐదారు పిల్లలు. అంత వంశం పదిహేడు నెలలపాటు ఒక్క పెంటికైనా వెయ్యకుండా నా వంటింట్లో మడి కట్టుకుని కాపురం చేసిందా?

ఇంకోటి. మెట్లకింద గదిలో ఎవరి బియ్యం బస్తాలున్నాయి? ఏటా వాళ్ళ ఊరినుంచి ఆటోలో దిగే ఆ పది బస్తాలు? ఆ గది తలుపుకింద నా అరచెయ్యి పట్టేంత సందుంది, కూర్చుని కొలిచాను.

ఇవేవీ అనలేదు. "అలాగే ఆంటీ, చూస్తాను" అన్నాను. అదీ నా బతుకు.

"ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టు" అంటారే, అద్దెకున్నవాళ్ళకి ఆ సౌఖ్యమూ లేదు. మేకు కొట్టాలన్నా కిందికెళ్ళి అడగాలి.

మేమేం చెయ్యలేదా అంటే, అన్నీ అయ్యాయి. మొదట మందు బిళ్ళలు. తిన్న ఎలుక బయటికిపోయి చస్తుందని కొట్టువాడు నమ్మబలికాడు. మాది బయటికి పోలేదు. ఆ మందుకి రక్తం గడ్డకట్టదట, నాలుగైదు రోజులు తిరిగి తిరిగి ఎక్కడో నక్కి చస్తుంది. మాది అటకమీద అత్తయ్యగారి ఇత్తడి గంగాళం వెనక నక్కింది. ఆ మూడురోజుల కంపు గురించి అప్పుడే రాశాను. తర్వాత జిగురు అట్ట. దాని గురించి రాయను. చిన్నది చూసింది. వంటనూనె పోసి ఈయన దాన్ని ఎలాగో విడిపించారు గానీ, ఆ కీచు చిన్నదానికి వారం రోజులు నిద్రలో వినపడింది. ఇక అవన్నీ కట్టిపెట్టి మోండా మార్కెట్లో ఒక ఇనప తీగల బోను కొన్నాను, 220. అందులో పెట్టేది జున్నూ కాదు, బిస్కెట్టూ కాదు. ఎండు కొబ్బరి ముక్క, మంటమీద కొంచెం కాల్చి, ఆ కమురు వాసన పోకముందే కొక్కేనికి గుచ్చాలి.

ఇది నాకు మాస్టారు నేర్పిన విద్య.

మాస్టారి గురించి ఇక్కడెప్పుడూ రాయలేదనుకుంటాను. అమ్మమ్మ వాళ్ళ ఊరు, వేమూరు దగ్గర. చిన్నప్పుడు రెండేళ్ళు నేను అక్కడే ఉన్నాను. పెంకుటింటికి వీధివైపు ఒక గది ఉండేది, హైస్కూలుకి బదిలీ మీదొచ్చిన లెక్కల మాస్టారికి అద్దెకిచ్చారు. ఒక్కడే మనిషి. ఒక నవారు మంచం, ఒక కిరసనాయిలు స్టవ్వు, గోడవారగా దిద్దాల్సిన పేపర్ల కట్టలు.

"మాస్టారొచ్చిన కాడ్నించే ఈ ఎలకల సంత. గదినిండా ఆ కాయితాలేంది, ఎలకలు రాక ఏం జేస్తయ్?" ఇది అమ్మమ్మ రోజూ పాడే సుప్రభాతం, అరుగు మీద కూర్చుని, గదిలోకి వినపడేట్టు. ఇంతకీ నడింట్లో ఏముందో చెప్పాలి కదా. గాదె! చెక్క గాదె, అప్పటి నాకు రెండు నిలువుల ఎత్తు, దాన్నిండా మసూరి వడ్లు. పెరట్లో వడ్ల పురి. పంచలో మినుముల బస్తాలు. ఊళ్ళో ఉన్న ఎలుకలన్నీ మా ఇంటికి చుట్టాలే. కానీ అవి వచ్చింది మాత్రం మాస్టారి క్వార్టర్లీ పేపర్లు తినడానికి.

ఆయన ఒక్కసారి ఎదురు చెప్పలేదు. ఒక శనివారం తెనాలి వెళ్ళి చెక్క బోను తెచ్చాడు. మర్నాటినుంచి పొద్దున్నే బోను చేత్తో పట్టుకుని, దొడ్డిదారిన పోవచ్చు కదా, పోడు. సరిగ్గా అమ్మమ్మ అరుగు ముందునుంచి నడిచేవాడు. హాజరు పలికినట్టు, "అమ్మగారూ, ఇయ్యాల ఒకటి." ఇంకోరోజు, "అమ్మగారూ, ఇయ్యాల రెండు." అమ్మమ్మ కాఫీ గ్లాసులోంచి తలెత్తేది కాదు. నేను వెనకాలే పరిగెత్తేదాన్ని. కాలవ తూము దాటాక గట్టుమీద కూర్చుని బోను మూత ఎత్తేవాడు. అది ఒక్క క్షణం నమ్మనట్టు ఆగి, ఆ తర్వాత గడ్డిలో గీత గీసినట్టు మాయమయ్యేది.

"చంపకుండా వదిల్తే పొద్దుగూకేలోగా మళ్ళీ ఇంట్లో ఉంటయ్" అంది అమ్మమ్మ. మాస్టారు ఆ మాటని లెక్కగా తీసుకున్నాడు. రుజువు చెయ్యాలిగా! మర్నాడు పడినదాన్ని గట్టుమీద ఆపి, బోను నన్ను పట్టుకోమన్నాడు. వెనకవైపు తీగల్లోంచి తోక బయటికి వేలాడుతోంది. జేబులోంచి పేపర్లు దిద్దే ఎర్రసిరా బుడ్డి తీసి, అగ్గిపుల్లకి దూది చుట్టి, తోక చివర రెండంగుళాలు నిదానంగా పూశాడు, సున్నా మార్కులు వేసేటప్పుడు కూడా అంత జాగ్రత్త పడి ఉండడు. ఆరేదాకా ఊదాడు కూడా. "వస్తే ఇదే వచ్చిందని తెలుస్తుందమ్మాయ్. ఎక్కడ కనపడిందో నాకు చెప్పు." నా చేతుల్లో బోను వణుకుతోంది. ఎలుక వణికిందో, నేను వణికానో.

నాలుగోరోజో ఐదోరోజో. మధ్యాహ్నం అమ్మమ్మ కునుకు తీస్తోంది. నేను బెల్లం కోసం నడింట్లోకి పిల్లిలా వెళ్ళాను. గాదె కాళ్ళకింద రాళ్ళ దగ్గర ఏదో కదిలింది. అడుగు చెక్కకీ పక్క చెక్కకీ మధ్య సందులోకి ఎక్కుతోంది. ఒళ్ళంతా లోపలికి పోయింది, తోక ఒక్కటీ ఒక్క క్షణం బయట ఉంది. చివర ఎరుపు. కొంచెం వెలిసిపోయి, పారాణి వదులుతున్నట్టు.

అమ్మమ్మకి మెలకువ వచ్చి "ఏందే అక్కడ?" అంది.

"ఏం లేదు" అన్నాను.

మర్నాడు మాస్టారు అడిగాడు, ఎర్రతోక ఎక్కడైనా కనపడిందా అని. లేదండీ అన్నాను. ఎందుకలా అన్నానో ఇప్పటికీ తెలియదు. బెల్లం బయటపడుతుందని భయం అనుకోవచ్చు, కానీ మాస్టారికి చెవిలో చెబితే బెల్లం సంగతి ఎవరికి తెలుస్తుంది? ఆ గాదె మాది. బహుశా అదే. వేసంకాలం సెలవులకి ఆయన ఖాళీ చేసి హైస్కూలు పక్కకి మారిపోయాడు. బోను నాకిచ్చి వెళ్ళాడు. తర్వాత ఆ గదిలో ఒక ఆరెంపీ డాక్టరు దిగాడు. నెల తిరక్కుండా అమ్మమ్మ అరుగు మీంచి అందుకుంది: "ఆ డాట్టరొచ్చిన కాడ్నించే..."

ఇదంతా రాద్దామని కూర్చోలేదు నేను. ఆంటీని కడిగేద్దామని కూర్చున్నాను. ఇప్పుడేమో ఆంటీ మొహం అనుకుంటే అమ్మమ్మ ముక్కుపుడక కనపడుతోంది. నిజానికి ఆంటీ చెడ్డమనిషి కూడా కాదు. నాకు డెంగ్యూ వచ్చినప్పుడు పదిరోజులు పొద్దున్నే జావ కాచి పంపిన మనిషి, గిన్నె కూడా తిరిగి అడగలేదు. ఇల్లు ఆవిడది, ఇంటిలో ఎలుకుందంటే ఆవిడకి తల తీసేసినట్టుంటుంది కాబోలు. వచ్చినవాళ్ళతో వచ్చింది అనుకుంటే ఎంత హాయి! వాళ్ళు పోతే అదీ పోతుంది.

అయినా సరే, 2,700. ఆ కంత పూడ్చి ఉంటే అయ్యేది కాదు. ఆ మాట మాత్రం నేను వెనక్కి తీసుకోను. ఏటా ఐదు శాతం పెంచడం గుర్తుంటుంది, ఒక తాపీ సిమెంటు గుర్తుండదు. రాత్రి భోజనాలయ్యాక ఈయనే గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కి, పైన వైట్ సిమెంటు మెత్తారు. బాగా కుదిరింది. పీచు కొరకలేవట.

సాయంత్రం సంగతి ముందే చెప్పాల్సింది, చెబితే కోపం నీరుకారిపోతుందని దాచుకున్నాను. మోటారు వెయ్యడానికి కిందికి వెళ్తే ఓనరంకుల్ మీటర్ల దగ్గర నిలబడి ఉన్నారు. అటూ ఇటూ చూసి, మంత్రం చెప్పినంత చిన్నగా, "బిడ్డా, ఆ బోను జర రెండ్రోజులు ఇస్తవా?"

ఎందుకంకుల్ అన్నాను, తెలిసే.

మెట్లకింద గది వైపు గడ్డం ఎగరేశారు. "బస్తాలు కొర్కుతున్నయ్. ఆంటీతోని చెప్పకు."

నవ్వాలో ఏం చెయ్యాలో తెలియలేదు. ఆ తలుపు వెనకాల ఆయన ఎన్నాళ్ళుగా చూస్తున్నారో, ఎన్నిసార్లు "ఏం లేదు" అన్నారో. ఈ ఒక్కరాత్రికి నేను పెట్టుకుని రేపిస్తానంకుల్ అని పైకొచ్చేశాను. ఆంటీకి చెప్పాలా వద్దా అని అప్పట్నుంచీ ఒకటే గింజుకుంటున్నాను. చెప్పడానికి ఎంత రుచిగా ఉంటుందో!

ఇది రాస్తుండగానే వంటింట్లో ఠప్పుమంది.

చూసొచ్చాను. ఒకటే, చిన్నది, చెవులు మాత్రం ఒంటికి మించి ఉన్నాయి. పడ్డానన్న దిగులేం లేదు, కూర్చుని రెండు చేతులతో కొబ్బరి పట్టుకుని తింటోంది. ఈయన సిమెంటు మెత్తేటప్పటికి ఇది లోపలే ఉండిపోయిందన్నమాట. తోక తీగల్లోంచి బయటికి, గట్టు అంచు దాకా వేలాడుతోంది.

రేపు పొద్దున్నే దీన్ని వెనకసందులో ఖాళీ స్థలం దాకా తీసుకెళ్ళి వదలాలి, వచ్చేటప్పుడు ఖాళీ బోను అంకుల్ చేతికివ్వాలి. కిందికి రెండు దార్లున్నాయి. ఒకటి వెనక ఇనప మెట్లు. ఇంకోటి ఆంటీ గుమ్మం ముందునుంచి, ఆవిడ ఐదున్నరకి ముగ్గు వేస్తుంటుంది.

చిన్నదాని స్కెచ్చుల డబ్బా ఇక్కడే టేబుల్ మీద ఉంది. తీసి చూశాను. ఎరుపుది మూత పెట్టక ఎండిపోయింది. ఆకుపచ్చది రాస్తోంది.