అమ్మకానికి లేని ఇల్లు

మా ఆయన దస్తావేజు లేఖరి. ఆయన చెబుతుంటే టైపు కొట్టేది నేను. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి ఎదురుగా చిన్న గది, వచ్చినవాళ్ళకి ఒక బల్ల, ఒక ప్రింటరు, ఉక్కపోసే రోజున తప్పకుండా మొరాయించే ఫ్యాను. విశాఖలో ఇలాంటి గదులు మీరు చూసే ఉంటారు. క్రయ దస్తావేజులు, సెటిల్‌మెంట్లు, వీలునామాలు, తనఖాలు అన్నీ రాస్తాం. వాటిలో నాకు టైపు కొట్టబుద్ధి కానిది ఒకటుంది. హక్కు విడుదల దస్తావేజు.

తండ్రి పోయిన కొన్నాళ్ళకి అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళని ఆటోలో ఎక్కించుకుని తీసుకొస్తారు. వాళ్ళ ఒళ్ళో కొత్త చీర కవరు ఉంటుంది. నేను అలవాటుగా "వాటా వదులుకుంటున్నట్టు తెలుసు కదమ్మా?" అని అడుగుతాను. "మాకేటి కావాల తల్లీ, పుట్టింటికి రాకపోకలుంటే సాలు" అంటారు. ఫొటో, వేలిముద్ర, అయిపోయింది. ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా మన రాష్ట్రానికి కొత్తేం కాదు. ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1986లోనే హిందూ వారసత్వ చట్టాన్ని మన వరకు సవరించారు. దేశమంతటికీ అది 2005లో గానీ రాలేదు. మనం అంత ముందున్నాం. ఆ వాటాని తిరిగి రాయించేసుకోవడంలో కూడా ముందే ఉన్నాం.

ఇండోనేసియాలో పశ్చిమ సుమత్రా కొండల్లో ఒక చిన్న ఊరు చూసొచ్చి దాని గురించి రాయాలని కూర్చుంటే ముందు ఇదంతా ఎందుకొచ్చిందంటే, అక్కడ నేను చూసిన ప్రతిదాన్నీ ఈ గదిలోంచే చూశాను కాబట్టి.

మా పై పోర్షన్ ఆంధ్రా యూనివర్సిటీలో చదివే విదేశీ పిల్లలకి అద్దెకిస్తాం. ఒకసారి ఇండోనేసియా నుంచి ఒక అమ్మాయి దిగింది. బాతుసంకర్ అనే పట్నానికి దగ్గర్లో వాళ్ళ ఊరు. వాళ్ళు మినాంగ్‌కబౌ అనే జాతివాళ్ళు. ఓ రోజు మాటల్లో, "మా ఇల్లు అమ్మది ఆంటీ. అమ్మకి అమ్మమ్మ నుంచి వచ్చింది" అంది. మరి మీ నాన్నగారికి ఇల్లు లేదా అన్నాను. "ఉంది ఆంటీ, ఆయన చెల్లెలి దగ్గరుంది" అంది, అదేం పెద్ద విషయం కానట్టు. నాకు ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. చదువైపోయి వెళ్ళిపోతూ మమ్మల్ని రమ్మని మాట తీసుకుంది. మాటవరసకి ఒప్పుకున్నాం గానీ, ఆ పిల్ల వదల్లేదు.

కౌలాలంపూర్ మీదుగా పదాంగ్‌లో దిగి, అక్కణ్ణుంచి కారులో పైకి. లెంబా అనాయ్ లోయలో రోడ్డు పక్కనే జలపాతం పడుతుంటుంది. 2024 మేలో మరాపి అగ్నిపర్వతం మీద పేరుకున్న బూడిద, రాళ్ళు వానకి కొట్టుకొచ్చి ఈ రోడ్డుని తినేశాయి. ఆ వరదల్లో 60 మందికి పైగా పోయారు. అంతకుముందు డిసెంబరులో అదే కొండ పేలి, పైకెక్కినవాళ్ళు 20 మందికి పైగా చనిపోయారు. మేం వెళ్ళేసరికి రోడ్డు కొత్తగా ఉంది. పైకెళ్ళాక మెట్టుమెట్టుగా వరిమళ్ళు, కొబ్బరి చెట్లు, చలి. మా ఆయన "అరకులో వరి వేసినట్టుంది" అని ఊరుకున్నారు. ఆయనకి పొగడ్తలు చేతకావు.

పాత ఇంటిని రుమా గడాంగ్ అంటారు. చెక్క ఇల్లు, పైకప్పు రెండు కొసలూ దున్నపోతు కొమ్ముల్లా ఆకాశంలోకి లేస్తాయి. ఒకప్పుడు తాటిజాతి చెట్టు నల్లపీచు కప్పేవారు, ఇప్పుడు జింకు రేకులు. లోపల ముందువైపు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఒకటే హాలు. వెనకవైపు వరసగా గదులు. పెళ్ళయిన ఆడపిల్లకి ఒక గది. కొత్తగా పెళ్ళయినదానికి ఆ చివరి గది ఇచ్చి, మిగతావాళ్ళు ఒక్కో గది ఇటు జరుగుతారు. కొడుకులకి గదుల్లేవు! పెళ్ళికాని మగపిల్లలు పూర్వం ఊళ్ళో సురావ్ అనే ప్రార్థన మందిరంలో పడుకునేవారు. పెళ్ళయ్యాక భార్య ఇంటికి పోతారు. ఒక ఊరు ఊరంతా ఇల్లరికమే అనుకోండి. ఇంటల్లుడి గురించి వాళ్ళకో సామెత కూడా ఉంది, మొద్దు మీది బూడిదలాంటివాడు, గాలొస్తే లేచిపోతాడని. మా ఆయన దీన్ని రెండుసార్లు చెప్పించుకున్నారు.

ఇప్పుడు ఆ పెద్దింట్లో ఉంటున్నది అమ్మాయి వాళ్ళ చిన్నమ్మమ్మ ఒక్కర్తే. మిగతావాళ్ళు అదే స్థలంలో ఇటుక ఇళ్ళు కట్టుకున్నారు. గ్యాస్ స్టవ్, టీవీ, వాకిట్లో మోటారు సైకిళ్ళు. మేం మాంసం తినమని ముందే తెలుసు కాబట్టి మా కోసం కర్రపెండలం ఆకు కొబ్బరిపాలలో వండారు. కారం మన లెక్కలోనే ఉంది. కాఫీ చెట్టు ఆకుల్ని పొగమీద ఎండబెట్టి మరిగించిన కషాయం కొబ్బరి చిప్పల్లో పోసిచ్చారు. డచ్చివాళ్ళు 1847 నుంచి ఇక్కడ కాఫీ బలవంతంగా పండించి గింజలన్నీ పట్టుకుపోతుంటే, జనానికి ఆకులే మిగిలాయని చెబుతారు.

భోజనాలయ్యాక అమ్మాయి మేనమామ వచ్చారు. వంశానికి పెద్ద ఆయనే. పేరు ముందు దాతుక్ అనే బిరుదు. ఆయన కాపురం పక్క ఊళ్ళో భార్య ఇంట్లో. కానీ ఈ ఇంటి పొలం తగవులూ, పిల్లల పెళ్ళిళ్ళూ చూడాల్సింది ఈయనే. ఈ బిరుదు ఆయన తర్వాత కొడుక్కి పోదు, మేనల్లుడికి పోతుంది. మా ఆయన వృత్తి విని ఆయన లోపలికెళ్ళి ప్లాస్టిక్ కవరులోంచి ఒక పెద్ద కాగితం తెచ్చి చాప మీద పరిచారు. రంజీ అంటారు, వంశవృక్షం. మన దగ్గర ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ లేనిదే పని జరగనట్టు, అక్కడ ఉమ్మడి భూమి పనేదైనా దీనితోనే మొదలు. ఊరి ఆచార మండలి ముద్ర ఉంటుంది.

ఆ కాగితం దగ్గర నేను చాలాసేపు కూర్చున్నాను. పైన ఒక ఆడమనిషి పేరు. ఆవిడ కింద కూతుళ్ళూ కొడుకులూ. కూతుళ్ళ పేర్ల కింద మళ్ళీ గీతలు, మళ్ళీ పేర్లు. కొడుకుల పేర్ల కింద ఏమీ లేదు. తెల్లకాగితం. వాళ్ళకి పిల్లల్లేక కాదు. ఆ పిల్లలు వాళ్ళమ్మల కాగితాల్లో ఉంటారు. మన గోత్రంలాంటిది వాళ్ళకి సుకు, అది తల్లి నుంచి వస్తుంది. దాతుక్‌గారి పేరు వేలితో చూపించారు. ఆయనకి ముగ్గురు పిల్లలట, ఆ కాగితం ప్రకారం ఎవరూ లేరు. నేను "పుత్రపౌత్ర పారంపర్యంగా అనుభవించగలవారు" అని ఎన్ని వేలసార్లు కొట్టి ఉంటానో, ఆ తెల్లజాగా చూస్తే తెలిసింది.

వరిమళ్ళదీ అదే పద్ధతి. వంశంలో ప్రతి ఆడమనిషికీ ఇంత మడి అని పంచుతారు, సాగు చేసుకుని తినడానికి. అమ్మడానికి కాదు. తనఖా పెట్టాలన్నా నాలుగే కారణాలు. ఇంట్లో శవం ఉండి ఖర్చుకి దారిలేకపోవడం. ఈడొచ్చిన ఆడపిల్లకి పెళ్ళి చేయలేకపోవడం. పెద్దింటి కప్పు కారడం. వంశపెద్ద పదవి ఖాళీ అయి కొత్త పెద్దని నిలబెట్టాల్సి రావడం. అప్పిచ్చినవాడు పొలం చేతిలోకి తీసుకుని పంట తింటాడు, అసలు తీర్చేదాకా. మన స్వాధీన తనఖాయే. అక్కడ 1960లో వచ్చిన చట్టం 7 ఏళ్ళు దాటిన సాగుభూమి తనఖాని డబ్బు కట్టకుండానే తిరిగివ్వాలంటోంది. కారణాల సంగతి పాటిస్తారా అని మా ఆయన అడిగితే దాతుక్‌గారు నవ్వి, కొందరు పాటిస్తారు, కొందరు ఐదోది కనిపెడతారు అన్నారు.

వీళ్ళు ముస్లింలు కదా, మరి షరియా ప్రకారం కొడుక్కి రెండు వంతులు ఉండాలి కదా అని మీకు అనుమానం రావచ్చు. మక్కాలో ఇమాముగా చేసిన అహ్మద్ ఖతీబ్ అనే మినాంగ్ పండితుడు ఇదే అడిగి, ఈ ఆస్తి పద్ధతిని గట్టిగా తప్పుపట్టాడు. చివరికి 1952లో బుకిట్టింగిలో మత పెద్దలూ, వంశపెద్దలూ కూర్చుని ఒక ఒప్పందానికొచ్చారు. తరాలనుంచి వచ్చినది ఆచారం ప్రకారం ఆడవాళ్ళ వరసలో, సొంత సంపాదన షరియా ప్రకారం. మన స్వార్జితం, పిత్రార్జితం తేడాయే, రెండోది పిత్రార్జితం కాదంతే.

వంటగదిలో అమ్మాయి వాళ్ళమ్మ నన్ను అడిగింది, మధ్యలో అమ్మాయి ఇంగ్లీషులో చెబుతుంటే: "మీ ఇల్లు ఎవరి పేరున?" నా పేరునే అన్నాను, కాస్త గర్వంగానే. "అయితే మీరు సంతకం పెడితే అమ్మేయొచ్చా?" ఆ, అమ్మేయొచ్చు. "మీ ఒక్కరి సంతకంతోనా?" అవును. ఆవిడ గరిటె పక్కన పెట్టి నన్ను జాలిగా చూసింది. ఒక్కరి సంతకమైతే, ఆ ఒక్కర్నీ బెదిరించో, బుజ్జగించో, చీర పెట్టో సంతకం పెట్టించుకోరా అని ఆవిడ ప్రశ్న. చీర మాట ఆవిడ అనలేదు, నేను కలిపాను.

అన్నీ బాగున్నాయని చెప్పను. ఆ పొలం చూపిస్తే బ్యాంకు వాళ్ళు అప్పివ్వరు. ఆ భూమికి హక్కు సర్టిఫికెట్ తీసుకోవాలంటే వంశంలో పెద్దవాళ్ళందరి సంతకాలూ కావాలి, వాళ్ళలో సగం మంది జకార్తాలో హోటళ్ళు నడుపుతుంటారు. పదాంగ్ నుంచి పెకన్‌బారు వైపు టోల్ రోడ్డు పని 2018లో మొదలుపెడితే ఉమ్మడి భూముల దగ్గర ఏళ్ళ తరబడి నత్తనడక నడిచింది. ఎవరికి నష్టపరిహారం ఇవ్వాలో తేలక. పేరు ఆడవాళ్ళది గానీ బయట మాట్లాడేది మేనమామే, ఆయన మంచివాడైతే సరే. కోర్టుల్లో భూతగాదాలకీ కొదవలేదు. ఇక కట్నం బాధ లేదనుకుంటే, కింద కోస్తాలో పరియామన్ వైపు పెళ్ళికూతురి వాళ్ళే డబ్బిచ్చి అల్లుణ్ణి తెచ్చుకుంటారట. కోస్తాలన్నీ ఒకటే కాబోలు.

దాతుక్‌గారు మా ఆయన్ని ఒక్కటే అడిగారు. మీ చెల్లెళ్ళ పిల్లల బాగోగులు ఎవరు చూస్తారని. మా ఆయన కషాయం ఇంకొంచెం పోయించుకున్నారు.

ఇంటికొచ్చాక నాకు పట్టిన పురుగు వేరే. అలాంటి దస్తావేజు మన దగ్గర రాయొచ్చా? కూతురికీ, ఆమె కూతురికీ, ఎవరూ అమ్మకుండా. అమ్మకూడని భూమి మనకి తెలియనిదేం కాదు. పాడేరు, అరకు వైపు 1/70 చట్టం ఉంది, గిరిజనుల భూమి గిరిజనేతరులకి చెల్లదు. ఆ ఊళ్ళ పేర్లు వింటేనే మా ఆయన కాగితం వెనక్కిచ్చేస్తారు. కానీ అది సర్కారు వేసిన అడ్డు. మనకి మనం వేసుకోవాలంటే? మా ఆయన పుస్తకం తీశారు. ఆస్తి బదిలీ చట్టం, 1882. 10వ సెక్షన్: ఆస్తి ఇచ్చి, ఎప్పటికీ అమ్మకూడదని షరతు పెడితే ఆ షరతు చెల్లదు. 14వ సెక్షన్: ఇప్పుడు బతికున్నవాళ్ళ జీవితకాలం, ఆపైన పుట్టేవాడి మైనారిటీ, అది దాటి ఆస్తిని కట్టేయడానికి లేదు. మొత్తానికి మినాంగ్ అమ్మమ్మ చేసిన పని మన దస్తావేజులో పట్టదు.

పట్టేది ఒక మెట్టు. కూతురికి జీవితకాల హక్కు, అనుభవించడమేగానీ అమ్మడానికి లేదు. తదనంతరం మనవరాలికి దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో. మనవరాలి దగ్గర తాళం తీసేయాల్సిందే. నేను డ్రాఫ్టు కొట్టేశాను, తూర్పు పడమర హద్దులతో సహా. హైదరాబాద్‌లో ఉన్న మా అబ్బాయి ఫోన్‌లో కాసేపాగి "నాకేం అభ్యంతరం లేదమ్మా" అన్నాడు. కోడలు వెనక నుంచి ఏదో అంది, నాకు వినపడలేదనుకున్నారు.

బెంగళూరులో మా అమ్మాయి మాత్రం మొత్తం చదివి ఫోన్ చేసింది.

"అమ్మా, రేపు నాకు డబ్బు అవసరమైతే దీని మీద లోన్ రాదు కదా?"

"రాదు."

"అమ్మనూ లేను."

"లేవు. మీ ఆయనా అమ్మించలేడు."

"ఆయన సంగతి నేను చూసుకుంటాలే. మొత్తం నాకే రాసెయ్, లేకపోతే అన్నయ్యకి సగం రాసెయ్. మధ్యలో నన్ను వాచ్‌మన్‌ని చెయ్యకు."

మా ఆయన దానివైపే. నేను ఒప్పుకోలేదు. ప్రింటు తీసి ఒక కాపీ దానికి పోస్టు చేశాను, కాదనేది ఏ పేరాయో గుర్తుపెట్టి పంపమని.