బాక్సు కట్టిన ఫార్ములా

మా చిన్నదాని ఎంసెట్ మెటీరియల్‌లో, రెండు ద్రావణాలు కలిపితే గాఢత ఎంతో చెప్పే ఫార్ములా చుట్టూ గీసిన బాక్సు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. పైన ఎమ్ వన్ వీ వన్ ప్లస్ ఎమ్ టూ వీ టూ, కింద వీ వన్ ప్లస్ వీ టూ. ఎమ్ అంటే మొలార్‌లలో గాఢత, అంటే లీటరుకు ఎన్ని మోల్సో; మోల్ అంటే పదార్థం ఎంతుందో చెప్పే కొలత. వీ అంటే ఘనపరిమాణం. ఎప్పుడు వాడాలో ఒక్క ముక్క లేదు. దాని కిందే లెక్క: 0.2 మొలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 100 మి.లీ., 0.1 మొలార్ సోడియం హైడ్రాక్సైడ్ 100 మి.లీ. కలిపితే మిగిలిన ఆమ్లం గాఢత ఎంత? పిల్ల టకటకా వేసి 0.15 అంది. ఆప్షన్లలో అదీ ఉంది మరి.

"ఏమే, ఒకటి ఆమ్లం, ఇంకోటి క్షారం. కలిస్తే క్యాన్సిల్ అయిపోవూ?" అన్నాను. "అమ్మా, సార్ ఇందులోనే వేసెయ్యమన్నారు, నువ్వు కొత్తవి చెప్పకు" అని పుస్తకం లాక్కుంది. 0.2ని 100తో గుణిస్తే ఆమ్లం 20 మిల్లీమోల్స్ (మోల్‌లో వెయ్యోవంతులు), క్షారం అలాగే 10. 20లో 10 పోతే మిగిలింది 10, మొత్తం 200 మి.లీ.లో అది 0.05. ఈ నాలుగు మాటలు చెప్పడానికి దాని అలక తీరేదాకా, అన్నాలయ్యేదాకా ఆగాల్సి వచ్చింది.

ఇంటర్‌లో మా మేడమ్ ల్యాబ్‌లో ఒక మెజరింగ్ జార్‌లో 50 మి.లీ. నీళ్లు, ఇంకోదాంట్లో 50 మి.లీ. ఆల్కహాల్ పోయించారు. కలిపితే ఎంతంటే అందరం ఒకేసారి "వంద" అని అరిచాం. పెద్ద జార్‌లో రెండూ పోయగానే సన్నటి బుడగలు లేచాయి. జార్ తాకితే వెచ్చగా ఉంది, ఒక్కొక్కరినీ పిలిచి తాకించారు. బుడగలు తగ్గాక మోకాళ్లు వంచి, ద్రవం పైమట్టంలోని కింది వంపు కంటికి సమానంగా పెట్టుకుని చూస్తే 97 కూడా లేదు. ఒలికిందేమోనని బల్ల తడిమాం. పొడిగా ఉంది. రెండు రకాల అణువులూ ఒకదాన్నొకటి లాక్కుని దగ్గరగా సర్దుకున్నాయట. "మోల్స్ కూడండి, మిల్లీలీటర్లు కూడేముందు మాత్రం ఆలోచించండి" అన్నారు మేడమ్. పల్చటి నీటి ద్రావణాల్లో ఆ తేడా లెక్కలోకి రానంత తక్కువ కాబట్టే పుస్తకాల్లో ఘనపరిమాణాలు కూడేస్తామని అప్పుడే తెలిసింది.

ఇదంతా రాశాక కోపం కాస్త దిగింది. ఎంసెట్‌లో (పేరు మారినా నా నోటికి అదే వస్తుంది) 3 గంటల్లో 160 ప్రశ్నలు, అందులో కెమిస్ట్రీవి 40. ప్రశ్నకు నిమిషం పైన కొన్ని సెకన్లు. జార్ తాకి చూసే టైమ్ ఆ సార్‌కి మాత్రం ఎవరిచ్చారు? ఫార్ములా కూడా తప్పేం కాదు. ఒకే ఆమ్లం 0.2 మొలార్‌ది 100 మి.లీ., 0.4 మొలార్‌ది 300 మి.లీ. కలిపితే 0.35 అని సరిగ్గా చెబుతుంది. సగటు తీసి 0.3 అనేసే పిల్లల్ని కాపాడేదీ అదే. కానీ పక్కన 'ఒకే పదార్థమైతేనే' అని ఉండాల్సింది. రెండే మాటలు. నా బాధంతా అక్కడే.

పడుకోబోతుంటే అడిగాను, పీహెచ్ (హైడ్రోజన్ అయాన్ల గాఢతను లాగ్‌లో చెప్పే అంకె) 3, పీహెచ్ 5 ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లాలు సమానంగా కలిపితే ఎంతని. "నాలు..." అనబోయి ఆగింది. హైడ్రోజన్ అయాన్లలోకి మార్చుకుని, లాగ్ వేసుకుని 3.3 అంది. ఎంత ముద్దొచ్చిందో.

రేపు క్లోరైడ్ లెక్క ఇవ్వాలి: సోడియం క్లోరైడ్, కాల్షియం క్లోరైడ్, రెండూ 0.2 మొలార్, సమాన భాగాలు కలిపితే క్లోరైడ్ గాఢత ఎంతని. అక్కడ ఏదీ క్యాన్సిల్ కాదు, కూడటమే. కాకపోతే కాల్షియం వైపు క్లోరైడ్లు రెండింతలు.